పక్క ఇంటి దిమ్మ యథాతథంగా ఉన్నది

ఆ గురువారం ఉదయం పది గంటల అయిదు నిమిషాలకు టెంటర్ వీధిలోని ఇరవై అయిదో నెంబరు ఇంటి అటక మీదికి ఎక్కినవారి వరుస ఇది. మొదట పురపాలక సంఘపు బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ రోవెనా సట్‌క్లిఫ్. ఆమె వెనుక అక్కడ పని చేస్తున్న మేస్త్రీ డారెన్ హోల్రాయిడ్. అతని వెనుక ఇంటి యజమానురాలు బెథన్ మార్స్‌డెన్. అందరి తరువాత, ఉమ్మడి గోడలో అవతలి సగానికి హక్కుదారుడినీ ఇరవై మూడో నెంబరు ఇంటివాడినీ అయిన క్లిఫర్డ్ ఆస్పినల్ అనే నేను. నా భార్య మ్యూరియల్ తుంటి నొప్పి వలన పైకి రాలేదు. కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది. నేనూ అదే ఇన్‌స్పెక్టర్ ఉద్యోగంలో ఉన్న ముప్పై నాలుగేళ్లూ నా తనిఖీ పత్రాలన్నింటినీ ఇట్లాగే, హాజరైనవారి పేర్లతో మొదలుపెట్టాను. ఆ పత్రాలలో నా పేరు ఎన్నడూ చివర లేదు.

అప్పటికి పరిస్థితి ఎక్కడ ఆగి ఉన్నదో క్లుప్తంగా మనవి చేస్తాను. బెథన్, ఆమె భర్త కలిసి తమ అటకను పడకగదిగా మార్చుకుంటున్నారు. సోమవారం నాడు హోల్రాయిడ్ కొత్త ఉక్కు దూలం కొనను మా రెండిళ్ల మధ్య గోడలోకి దించాడు. మంగళవారం తెల్లవారేసరికి ఆ గోడలో మూరెడు పొడుగున పగులు కనిపించింది. రోవెనా పని నిలిపివేసింది. మేస్త్రీ గోడను అవసరానికి మించి కోశాడని మధ్యాహ్నానికల్లా వీధి తీర్పు చెప్పేసింది. ఇన్‌స్పెక్టర్ కూడా కాగితం మీద అదే రాసినట్లయితే, ఈ లోయలో ఎవరూ అతని చేత పిట్టగోడ కూడా కట్టించుకోరు. గోడ అట్లా పగలడానికి మరొక కారణం ఉండవచ్చునని ఆ ఉదయానికి నాకు తెలుసు. అయినా నిచ్చెన మీద కాలు పెట్టాను. నోరు మాత్రం తెరవలేదు.

"మూడో మెట్టు కొంచెం వదులు సార్, చూసుకుని రండి," అన్నాడు హోల్రాయిడ్ పైనుంచి.

"నువ్వు తెచ్చిన నిచ్చెనేగా," అన్నది మ్యూరియల్ కిందనుంచి. "నీ చేతిలో ఏదీ బిగుసుకోదా నాయనా?"

"మీ ఆయన కోసమే వదులు చేశానమ్మా. పడితే ఊళ్లో ఒక ఇన్‌స్పెక్టర్ తగ్గుతాడు కదా అని."

"రిటైరయ్యాడు. పడినా లెక్కలోకి రాడు."

బెథన్ నవ్వలేదు. మూడు రోజులుగా ఆమె సరిగా నిద్రపోయినట్లు లేదు. కప్పులో కొత్త కిటికీ కోసం తొలగించిన భాగానికి టార్పాలిన్ కట్టి ఉన్నది. దాని మీద వాన సన్నగా పడుతున్నది. వాసాల కింద నలుగురమూ మెడలు వంచి నిలబడ్డాము.

రోవెనాకు ఇప్పుడు యాభై రెండేళ్లు. ఇరవై రెండేళ్ల వయసులో మా కార్యాలయంలో చేరిన మొదటి వారం నుంచి నా వెంట తిరిగి పని నేర్చుకున్నది. గోడను సుత్తి పిడితో తట్టి ఎట్లా వినాలో నేనే చూపించాను. ఇన్ని సంవత్సరాల తరువాత కూడా ఆమె నన్ను సార్ అనే పిలుస్తుంది. ఆ ఉదయం ఆ పిలుపు విన్నప్పుడల్లా చెప్పులో రాయి పడినట్లున్నది.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని, గీతలు గీసిన చిన్న కార్డును పగులు మీద ఆనించి చూసింది.

"మంగళవారం రెండు మిల్లీమీటర్లు. ఇవాళ మూడున్నర," అన్నది. "ఇంకా కదులుతోంది. గోడ ఎంత లోతు కోశావు, డారెన్?"

"నాలుగంగుళాలు. ప్లాను బొమ్మలో ఎంత ఉంటే అంత."

"వీధిలో ఆరంటున్నారు."

"వీధిలోవాళ్లు టేపు పట్టుకుని వచ్చారా మేడమ్?"

రోవెనా తన టేపు తీసి కొలిచింది. నాలుగంగుళాలు. దూలం కింద పరిచిన రాయి మీద రసమట్టం పెట్టి చూసింది. బుడగ నడిమధ్యన నిలిచింది. ఇటుకల మధ్య సున్నాన్ని గోటితో గీకింది. ఆమె ముఖంలో సంతోషం కనిపించలేదు. తప్పు దొరకవలసిన చోట దొరకనప్పుడు ఇన్‌స్పెక్టర్‌కు కలిగే చిరాకు నాకు బాగా తెలుసు.

"పగులు దూలం దగ్గర మొదలు కాలేదు," అన్నది ఆమె నెమ్మదిగా. "చిమ్నీ వైపు నుంచి దూలం వైపు వచ్చింది. బరువు అటుపక్క దిగుతోంది. ఎందుకు దిగాలి?" వాటర్‌ప్రూఫ్ సంచిలోనుంచి ఒక ఫైలు తీసింది. "ఇంజనీరు లెక్కంతా ఈ ఒక్క కాగితం మీద నిలబడింది. చదువుతాను, అందరూ వినండి."

ఆమె చదివింది. అది పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది, మే నెల నాటి ధ్రువపత్రం.

"ఇరవై అయిదో నెంబరు ఇంటి వెనుక పడకగదిలో గోడ నుండి ముందుకు వచ్చిన చిమ్నీ దిమ్మను తొలగించినారు. పైన అటకలోను కప్పు మీదను మిగిలిన చిమ్నీకి ఆధారంగా రెండు ఇనుప బ్రాకెట్లు గోడకు బిగించినారు. పక్క ఇంటి దిమ్మ యథాతథంగా ఉన్నది. పని సంతృప్తికరం. సంతకం, సి. ఆస్పినల్."

కాగితం మడిచి నావైపు తిరిగింది. "మా చిన్న ఇన్‌స్పెక్టర్లకి దీన్ని ఇప్పటికీ చూపిస్తుంటాను సార్. ఒక్క మాట ఎక్కువ లేదు. చిమ్నీ రెండిళ్లకీ ఉమ్మడి కాబట్టి, బ్రాకెట్లు పెట్టాలంటే అవతలి దిమ్మ ఉండి తీరాలి. ఒక పక్క తీసేస్తే రెండో పక్కది మోస్తుంది. రెండూ తీసేస్తే టన్నున్నర ఇటుక ఒక్క సన్నగోడకి వేలాడుతుంది. మీ సంతకం ఉంది కాబట్టే మీ ఇంటికొచ్చి చూడాలని నాకూ తోచలేదు, ఇంజనీరుకీ తోచలేదు."

నేను తల ఊపాను. ఎందుకు ఊపానో నేటికీ చెప్పలేను.

"కాబట్టి గోడలో లోపం లేదు," అని ఆమె హోల్రాయిడ్ వైపు చూసింది. "మిగిలింది చేతిపని. కోసేటప్పుడు మిషన్ వాడావా? దాని అదురుకి పాత సున్నం వదిలేసి ఉంటుంది."

"సుత్తీ, ఉలీ."

"ఎవరు చూశారు?"

అతను తన ఎడమచేతి బొటనవేలు చూపించాడు. గోరు నల్లబడి ఉన్నది. "ఇదొక్కటే సాక్ష్యం మేడమ్."

ఇంతవరకు ఈ కథలో నేను దాచిన సంగతి ఇక్కడ చెప్పవలసి ఉన్నది. మా ఇంటి వెనుక గదిలోని దిమ్మను నేను పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలోనే తీసివేశాను, అనుమతి అడగలేదు. మా అత్తగారు మంచం పట్టారు. ఆమె మంచమూ చక్రాల కుర్చీయూ ఆ గదిలో పట్టాలంటే అడుగున్నర స్థలం కావలసి వచ్చింది. దరఖాస్తు పెడితే అది నా బల్ల మీదికే వచ్చేది. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి ప్రభుత్వ సెలవు రోజులు చూసుకుని, తలుపులు వేసుకుని, ఇటుక ఇటుక తీశాను. బొగ్గు బకెట్లలో పెరట్లోకి మోశాను. అవతలి దిమ్మ అప్పటికి ఉన్నది గనుక పైన నేను బిగించిన బ్రాకెట్లు సరిపోయాయి. అంతవరకు అది అనుమతి లేని పనే గాని ప్రమాదకరమైన పని కాదు.

ప్రమాదం దీని తరువాతి భాగంలో ఉన్నది. ఏడేళ్ల తరువాత ఇరవై అయిదో నెంబరు ఇంట్లో ఒంటరిగా మిగిలిన ఐరీన్ ఆర్మరాడ్ మా గదిని చూచి, తనకూ అట్లాగే కావాలని ముచ్చటపడింది. మా అత్తగారి చివరి రోజులలో ప్రతి మధ్యాహ్నమూ వచ్చి గంజి తాగించి వెళ్లిన మనిషి. "నువ్వే తీసేసుకున్నావంటే అందులో భయమేమీ లేదన్నమాటే కదా, క్లిఫర్డ్," అన్నది. నాకంటే నిజాయితీగా దరఖాస్తు పెట్టింది. టెంటర్ వీధి నా పరిధిలోనిది. ఆమెకు వద్దని చెప్పాలంటే కారణం రాయాలి. కారణం రాయాలంటే నా ఇంటి సంగతి రాయాలి. వేరొకరికి అప్పగిస్తే వారు మా తలుపు తడతారు. మూడు రోజులు ఆలోచించాను. నాలుగో రోజున ఆ వాక్యం రాశాను. ఏ దిమ్మ యథాతథంగా ఉన్నదని రాశానో, అది ఒకప్పుడు ఉండిన చోటనే నా రాత బల్ల ఉన్నది. దాని మీదనే రాశాను.

"డారెన్," అన్నది బెథన్. ఆమె గొంతు పెంచలేదు. "నేను నిన్ను తిట్టడానికి రాలేదు. తప్పు ఎవరిదైనా నాకు పరవాలేదు. వెనుక గదిలో నా కూతుర్ని పడుకోబెట్టొచ్చా లేదా, ఆ ఒక్కటి చెప్పు."

"పాప మంచం ముందు గదిలోకి మార్చమని సోమవారమే చెప్పాను కదా తల్లీ."

"దుమ్ము పడుతుందన్నావు."

"అవును. దుమ్మనే అన్నాను."

రోవెనా చప్పున తలెత్తింది. "వెనుక గదిలో కప్పుకి ఆనించి రెండు ఇనుప జాకీలు నిలబెట్టి ఉన్నాయి. వచ్చేటప్పుడు చూశాను. బొమ్మలో అవి లేవు. ఎప్పుడు పెట్టావు?"

"సోమవారం సాయంత్రం."

"పగులు కనబడింది మంగళవారం ఉదయం."

"అవును."

"అంటే గోడకి ఏదో అయిందని నీకు ముందే తెలుసన్నమాట. తెలిసే, చెప్పకుండా, పాపని పక్కకి మార్పించి, కింద జాకీలు పెట్టుకున్నావు." ఆమె పుస్తకం తెరిచి కలం తీసింది. "డారెన్, ఇది నీకు ఎంత చెడ్డగా ఉంటుందో తెలుస్తోందా?"

"కనబడుతూనే ఉంది మేడమ్."

"జవాబు చెప్పు మరి."

హోల్రాయిడ్ టోపీ తీసి, లోపలి అంచును వేలితో తుడిచి, తిరిగి పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే నాకు ఎంతో తేలికగా ఉండేది. కోపం తెచ్చుకోవడానికైనా వీలు ఉండేది. అతను వాసాల వైపు చూస్తూ, నాకు ఇవ్వవలసిన సమయం నాకు ఇస్తున్నవాడిలా నిలబడ్డాడు.

అప్పుడు గుర్తుకు వచ్చింది అనడం అబద్ధం. మా ఇంటి వెనుక గదిలో కూడా సోమవారం సాయంత్రం నుంచి రెండు జాకీలు ఉన్నాయి. నేను గ్రంథాలయం నుంచి తిరిగి వచ్చేసరికి మ్యూరియల్ కుట్టుమిషన్‌కు చెరో పక్కన నిలబడి ఉన్నాయి. "హోల్రాయిడ్ వచ్చి పెట్టి వెళ్లాడు. అటు సుత్తిదెబ్బలకి ఇటు గచ్చు రాలుతుందట," అని ఆమె చెప్పింది. గచ్చు రాలకుండా ఎవరూ జాకీలు పెట్టరని ముప్పై నాలుగేళ్ల ఇన్‌స్పెక్టర్‌కు తెలియదా? తెలుసు. అయినా నమ్మడానికి ఒప్పుకున్నాను. మూడు రాత్రులు నమ్ముతూ పడుకున్నాను.

రోవెనా కలం కాగితం మీద ఆన్చింది.

"రోవెనా," అన్నాను. "ఆ ధ్రువపత్రంలో ఒక వాక్యం అబద్ధం."

"ఏ వాక్యం సార్?"

"పక్క ఇంటి దిమ్మ గురించిన వాక్యం."

ఆమె ఫైలు మళ్లీ తెరిచింది. కనుబొమలు ముడిచి, పెదవులు కదుపుతూ చదువుకున్నది.

"మీ వైపు దిమ్మ లేదా?"

"ఎనభై ఒకటి నుంచీ లేదు."

"సంతకం ఎనభై ఎనిమిదిలో పెట్టారు."

"అవును."

"ఏడేళ్లు మధ్యలో గడిచాయి కదా సార్. మర్చిపోయి ఉంటారు," అన్నది ఆమె. అది ప్రశ్న కాదు. నా కోసం ఆమె తెరిచి పట్టుకున్న తలుపు. అందులోనుంచి దూరిపోవాలని నాకు ఎంత అనిపించిందో చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను. వృద్ధుడి మరపును ఎవరు తప్పుపడతారు?

"మర్చిపోలేదు. ఆ వాక్యం రాస్తున్నప్పుడు దిమ్మ లేని చోటనే కూర్చుని ఉన్నాను. ఒక అనుమతి అడగనందుకు సిగ్గుపడి, ఆ సిగ్గు దాచుకోవడానికి రెండో తప్పు చేశాను. డారెన్ కోతలో లోపం లేదు. అతను దించిన బరువును మోయవలసిన గోడను నేను ఏనాడో గుల్ల చేశాను."

కిందనుంచి మ్యూరియల్ గొంతు వచ్చింది.

"క్లిఫ్, అది మా అమ్మ మంచం కోసం తీశామని చెప్పు."

"చెబుతాను."

"ఈ సంతకం సంగతేమిటి మరి?"

నేను నిచ్చెన సందులోనుంచి కిందికి చూశాను.

"ఐరీన్‌కి నువ్వు అబద్ధం రాసి ఇచ్చావా?" నిచ్చెన కొంచెం కదిలింది. "మా అమ్మకి గంజి తాగించిన మనిషికి? ఆవిడ పందొమ్మిదేళ్లు ఆ గదిలో పడుకుంది, క్లిఫ్. పొద్దున్నే కిటికీలోంచి నాకు చెయ్యి ఊపేది. నువ్వు టీ తాగుతూ చూసేవాడివి."

"చూసేవాడిని."

"ఏ రోజూ ఏమీ అనిపించలేదా?"

"రోజూ అనిపించేది."

"అయితే ఇంకా అధ్వాన్నం," అన్నది ఆమె. నిచ్చెనను మాత్రం వదలలేదు.

బెథన్ ఒక చేత్తో దూలాన్ని పట్టుకుని నిలబడి ఉన్నది. "మేం వచ్చి మూడేళ్లయింది," అన్నది నాతో. "పాప పుట్టినప్పుడు ఊయల మీరే బాగుచేసి ఇచ్చారు. ఆ గదిలో మీరే మోసుకొచ్చి పెట్టారు."

నేను ఆమె పట్టుకున్న దూలం వైపు చూశాను.

"నాకు తెలుసండీ," అన్నాడు హోల్రాయిడ్ అప్పుడు. దూలానికి పక్కన గోడలో కుక్కి ఉన్న గోనెగుడ్డను లాగాడు. "మేడమ్, టార్చి ఇటు వెయ్యండి."

వెలుగులో తుప్పు పట్టిన బోల్టు కొన ఒకటి కనిపించింది. ముప్పై ఎనిమిదేళ్ల క్రితం నా చేత్తో నేను బిగించిన బోల్టు. అవతలి వైపు నుంచి ఇటు దాదాపు బయటికి వచ్చి ఉన్నది.

"సోమవారం మధ్యాహ్నం మూడో ఇటుక తీస్తే ఇది కనబడింది. ఇటువైపు బ్రాకెట్లది కాదు, అటునుంచి వచ్చింది. కింద దిమ్మ ఉన్నవాడు పైన బ్రాకెట్ ఎందుకు పెట్టుకుంటాడు? అప్పుడే అర్థమైంది. కానీ దూలం రెండో కొన అప్పటికే అవతల కూర్చుంది, మధ్యలో వదిలెయ్యడానికి లేదు. దించాను. దించిన వెంటనే వెళ్లి జాకీలు తెచ్చాను."

"నాకెందుకు ఫోన్ చెయ్యలేదు?" అన్నది రోవెనా. "మూడు రోజులు! వీధంతా నిన్ను తిడుతుంటే!"

"చెప్పాల్సింది ఆయన కదా అని." హోల్రాయిడ్ ఇప్పటికీ నా వైపు చూడకుండానే మాట్లాడాడు. "ఇరవై ఆరేళ్ల క్రితం నా మొదటి పని, కాలువ దగ్గర ఒక వంటగది. పునాది మూడంగుళాలు తక్కువైందని ఈయన గోడ మొత్తం పడగొట్టించాడు. వానలో నిలబడి ఏడ్చాను. మళ్లీ తవ్వి, మళ్లీ కట్టాను. ఆ గోడ ఇప్పటికీ వెంట్రుకంత కూడా కదల్లేదు. అలాంటి మనిషి తనంతట తాను చెబుతాడని అనుకున్నా. గురువారం దాకా చూద్దామనుకున్నా."

"చెప్పకపోయి ఉంటే?"

"నేనే చెప్పేవాణ్ణి. ఇంట్లో చంటిపిల్ల ఉంటే ఊరికే పోనిస్తానా? అంత మంచివాణ్ణేం కాదు." టోపీ సర్దుకున్నాడు. "మీరు కలం కాగితం మీద పెట్టినప్పుడు నోరు తెరవబోయాను. ఈయన ఒక్క మాట ముందు తెరిచాడు."

ఒక్క మాట. నా నిజాయితీకీ నా అప్రతిష్ఠకూ మధ్య అంతే దూరం ఉన్నది.

దీనితో ఆ ఉదయం ముగిసి ఉంటే బాగుండేది. తల వంచుకుని కిందికి దిగి, ఎవరు ఏ శిక్ష వేస్తే దానిని అనుభవించి ఉండేవాడిని. కానీ రోవెనా లేవలేదు. దుంగ మీద కూర్చుండిపోయి, ధ్రువపత్రాన్ని ఒడిలో పెట్టుకుని, ఆ వాక్యం మీద వేలు ఉంచింది.

"సార్, ఈ వాక్యం నాకు కంఠతా వచ్చు," అన్నది.

"నేను నేర్పినవి నీకు చాలా వచ్చు."

"మీరు నేర్పింది కాదు. నేను చేరేసరికే ఫారంలో అచ్చయి ఉంది. ఎనభై తొమ్మిదిలో ఫారాలన్నీ కొత్తగా వేయించారు, గుర్తుందా? ఏ పనికి ఏ మాటలు వాడాలో నమూనాలు కావాలని ఆఫీసులో పాత ధ్రువపత్రాలు వెతికారు. చిమ్నీ పనికి ఇదే తీసుకున్నారు. అన్నిటికంటే బాగా రాసింది ఇదే మరి. అచ్చుకి వెళ్లేముందు మీరే చూసి పొట్టి సంతకం పెట్టారు."

గుర్తున్నది. ముప్పై పేజీల కట్ట ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. ఆ పేజీలో ఆ వాక్యాన్ని చూశాను. కొట్టివేయాలంటే కారణం అడుగుతారని కొట్టివేయలేదు.

"తరువాత?" అన్నాను.

"తరువాత ఏముంది? మాటలు ముందే ఉన్నాయి. కింద సంతకం పెట్టేవాళ్లం. పక్కింటి తలుపు కొట్టాలని ఎవరికీ తోచేది కాదు. ఇన్‌స్పెక్టర్ చూసే ఉంటాడని మేస్త్రీ అనుకునేవాడు; మేస్త్రీ అడిగే ఉంటాడని మేం అనుకునేవాళ్లం. బొగ్గు నిప్పుగూళ్లు పోయి గ్యాస్ హీటర్లొచ్చిన రోజులు, ప్రతివాడికీ గది పెద్దది కావాలి. ముందు ఇతను తీసేవాడు, రెండేళ్లకి పక్కవాడు తీసేవాడు. ఇద్దరి కాగితాల్లోనూ పక్క ఇంటి దిమ్మ యథాతథంగానే ఉండేది."

"ఎంతకాలం?"

"రెండు వేల మూడు దాకా. ఆ ఫారం మార్చేదాకా."

"ఎన్ని ఇళ్లు?" అని అడిగింది బెథన్.

"నేను సంతకం పెట్టినవే అరవై పైన ఉంటాయి," అన్నది రోవెనా. "మా వాళ్లందరివీ కలిపితే నాకు తెలీదు. లెక్కపెట్టాలని ఈ నిమిషం దాకా అనుకోలేదు."

హోల్రాయిడ్ ఈలలాంటి శబ్దం ఒకటి చేసి, వెంటనే ఆపుకున్నాడు.

నేను ఒక తెల్ల కాగితం అడిగాను. రోవెనా తన పుస్తకంలోనుంచి చింపి ఇచ్చింది. హోల్రాయిడ్ పరంజీ పలక ఒకటి తెచ్చి నా మోకాళ్ల మీద పెట్టాడు. మూడు పేరాలు రాశాను. మొదటిది ఎనభై ఒకటి గురించి. రెండవది ఎనభై ఎనిమిది గురించి, ఆపైన ఎనభై తొమ్మిదిలో నేను కొట్టివేయని పంక్తి గురించి. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. సంతకం చేసి, సాక్షి సంతకం కోసం కాగితాన్ని రోవెనాకు అందించాను.

ఆమె రెండవ పేరా దగ్గర ఆగింది.

"దీని కింద నేను సంతకం పెడితే, సార్, మొదట బయటికి వచ్చేవి నా అరవై. ఆ తరువాత ఆఫీసులో ఇప్పుడు ఉన్నవాళ్లవీ, పోయినవాళ్లవీ. ఊళ్లో సగం వీధుల తలుపులు కొట్టాలి. మీ అటకలో చిమ్నీ దేనిమీద నిలబడి ఉందో మాకు తెలీదని చెప్పాలి."

"పెట్టకపోతే?" అన్నది బెథన్.

"పెట్టకపోతే ఇది ఒక ముసలాయన ఒక ఇంటికి చేసిన తప్పు. ఆ పేరాలో ఎనభై తొమ్మిది సంగతి తీసేసి మళ్లీ రాస్తే చాలు. మీ గోడ వారంలో బాగవుతుంది. వీధి కూడా పదిరోజుల్లో మర్చిపోతుంది." ఆమె నా వైపు చూసింది. ముప్పై ఏళ్ల క్రితం, ఏ ప్రశ్నకైనా నా దగ్గర జవాబు ఉంటుందని నమ్మిన అమ్మాయి చూసినట్లు చూసింది. "ఏం చెయ్యమంటారు సార్?"

"ఆ మాట అడగవలసిన మనిషిని నేను కాదు, రోవెనా. ఇకపైన కాను."

"నిదానంగా ఆలోచించుకోండి మేడమ్," అన్నాడు హోల్రాయిడ్. "ఈ రెండిళ్లకీ పరవాలేదు, జాకీలు మోస్తాయి. మిగతా ఇళ్లకి మాత్రం నా దగ్గర అన్ని జాకీలు లేవు."

రోవెనా కలం మూత తీసింది. కాగితం మీద పెట్టలేదు. మూతను అరచేతిలో బిగించి పట్టుకుని, టార్పాలిన్ అంచు సందులోనుంచి ఎదుటి వరుస కప్పుల వైపు చూస్తూ ఉండిపోయింది. అక్కడ, వానలో, రెండిళ్లకొకటి చొప్పున చిమ్నీలు నిలబడి ఉన్నాయి.

మూడవ పేరా ఎవరి సంతకం కోసమూ ఆగవలసినది కాదు. అందుచేత ఆమె చేతిలోనుంచి కాగితాన్ని ఒక్క నిమిషం తిరిగి తీసుకుని, కింద ఉన్న నా భార్యకు కూడా వినబడేటట్లు, అందరి ఎదుటా చదివాను. అది ఇది:

"సోమవారం మధ్యాహ్నం గోడలో బోల్టు కొనను చూచిన పిమ్మట, ఎవరి ఆజ్ఞ లేకుండగనే రెండు ఇండ్లలోను నాలుగు జాకీలు నిలబెట్టి, ఒక పసిబిడ్డను ఆ కప్పు క్రింది నుండి తప్పించి, ఆ పనిని తన దోషమునకు రుజువుగా ఎంచినపుడు సైతము నోరు మెదపక, నేను స్వయముగా నిజము పలుకుటకు మూడు దినముల వ్యవధి నాకు ఇచ్చినవాడు, ఈ ఊరి మేస్త్రీ డారెన్ హోల్రాయిడ్. ఈ గోడ నేడు నిలిచి ఉండుట అతని వలన. నేను మాట్లాడగలుగుట కూడ అతని వలననే. ఈ విషయమును క్లిఫర్డ్ ఆస్పినల్ అను నేను కృతజ్ఞతతోను, సిగ్గుతోను అంగీకరించుచున్నాను."